సన్యాసిరావు నెత్తిన నా గుణం

మా ఆయన సన్యాసిరావు నోట్లోంచి మాట రావడమంటే మా వీధి కుళాయిలో నీళ్ళు రావడమే. వచ్చినరోజు బిందె పట్టుకుని పరిగెత్తాలి. రానిరోజు సర్దుకుపోవాలి. పదహారేళ్ళుగా నేను సర్దుకుపోతూనే ఉన్నాను.

అలాంటి మనిషి ఆ సాయంత్రం ప్రయోగశాల మెట్లు దిగుతూ గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఆపారు. మీదే ఊరు, ఇంట్లో ఎంతమంది, కూతురి పెళ్ళి కుదిరిందా లేదా అని వచ్చీరాని ఒరియాలో ఆరాలు తియ్యడం మొదలుపెట్టారు. వాచ్‌మన్ మురిసిపోయి కుర్చీ వేశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూ స్కూటీకి స్టాండు వెయ్యడం మరిచిపోయాను. బండి ఢామ్మని పడింది.

"పడనీ కనకం, ఇనుమే కదా. లేపితే లేస్తాది" అని పకపకా నవ్వారాయన.

ఆ మాట నాది. ఆ నవ్వు నాది. నవ్వుతూ గాల్లో చెయ్యి తిప్పడం కూడా నాదే. ఆయన నెత్తికి జుట్టులో కలిసిపోయేలా ఒక సన్నటి నల్ల పట్టీ ఉంది. ఆ పట్టీలో ఉన్నది నేను.

నన్ను అందులోకి ఎలా ఎక్కించారో చెప్తాను. మా ఆయన పనిచేసేది విశాఖలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీదున్న ఒక భాషా పరిశోధనశాలలో. యంత్రాలు తయారుచేసే ఇంజనీరు. అక్కడి పెద్దాయన డాక్టర్ భానోజీరావుగారు ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. అదే పంతులు, అదే పాఠం, అదే గది. అయినా ఒకడికి పరాయి భాష ఇట్టే పట్టుబడుతుంది, ఇంకొకడికి ఎన్నాళ్ళయినా నోరు తిరగదు. ఎందుకని? తెలివిలో తేడా కాదు, తేడా గుణంలో ఉంది అని ఆయన తేల్చారు. కొందరు దూకుడు రకం. రెండు ముక్కలు వస్తే చాలు, మాటల్లోకి దూకేస్తారు. తప్పులు మాట్లాడి, నవ్వించుకుని, దిద్దించుకుని నేర్చుకుంటారు. కొందరు గట్టు రకం. గట్టు మీద కూర్చుని లోతు చూస్తూ ఉంటారు. మొత్తం వచ్చిందని నమ్మకం కుదిరాకే నోరు విప్పుతారు.

నేను ఏ రకమో వేరే చెప్పక్కర్లేదు. నా ఉద్యోగం రైల్వే స్టేషన్లో, ఎంక్వైరీ కౌంటరు కిటికీ వెనక. నా హిందీకి ఆడామగా తేడా తెలీదు, నా బెంగాలీకి సిగ్గులేదు, నా ఒరియా అంతా రైళ్ళ గురించే. అయినా నా కిటికీ ముందుకొచ్చిన మనిషి దారి తెలియకుండా వెనక్కి వెళ్ళిందిలేదు. మా ఆయన శుద్ధ గట్టు రకం. పెళ్ళయిన కొత్తలో మద్రాసులో ఉన్నప్పుడు నేను రెండో వారానికే కూరగాయలవాడితో తమిళంలో పోట్లాట వేసుకున్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఇల్లు ఖాళీ చేసేరోజున ఇంటావిడకి నమస్కారం పెట్టి నాలుగు వాక్యాలు చెప్పారు. ఆవిడ నిర్ఘాంతపోయి, మీ ఆయన తమిళాయనని ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా అని నన్ను కోప్పడింది.

మనిషి మాట్లాడబోయే ముందు మెదడులో ఒక తూకం జరుగుతుందట. తప్పు పోతుందేమోనన్న భయం ఒక పళ్ళెంలో, ఎదుటి మనిషితో కలవాలన్న ఉబలాటం ఇంకో పళ్ళెంలో. ఒకరి తూకాన్ని కొలిచి, గంటసేపు ఇంకొకరి మెదడుకి అరువివ్వడం ఆ పట్టీ పని. మాటలు రావు, జ్ఞాపకాలు రావు, గుణం ఒక్కటే వస్తుంది. కొలవడానికి అసలైన దూకుడు మనిషి కావాలని భానోజీరావుగారు ఊరంతా వెతుకుతుంటే, "మా ఇంట్లో ఉంది సార్" అన్నారట మా ఆయన. ఆ ఏడాదికి ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే. నన్ను తీసుకెళ్ళి తలకి తీగలు తగిలించి, ఎవరో కొత్తవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడమన్నారు. ఇక చాలమ్మా అని వాళ్ళు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆయన ఒరియా మొదలుపెట్టింది సరదాకి కాదు, మినతి కోసం.

మాకు పిల్లలు లేరు. దత్తతకి పేరు రాయించుకుని ఎదురుచూడగా ఎదురుచూడగా ఆషాఢంలో కబురొచ్చింది. రాయగడ వైపు పల్లెపిల్ల, ఏడేళ్ళు. పెంచిన అమ్మమ్మ పోయాక బాలల గృహంలో ఉంటోంది. ఒరియా తప్ప ఇంకో ముక్క రాదు. ఫర్వాలేదండీ, మాకొచ్చు అన్నాను. మాకు అంటే నాకు అని.

గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్లని చూస్తే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. రెండు జడలు, గుడ్డసంచీ, పెద్ద పెద్ద కళ్ళు. నాకు తెలిసిన ఒరియా అంతా ఒక్కసారి గుమ్మరించాను. ప్రయాణం బాగా జరిగిందా, సామాను సరిగ్గా చూసుకున్నావా, ఏ బండికి వచ్చావు అని అడిగాను. ఆ పిల్ల మూడింటికీ తల ఊపింది. ఇంత బుద్ధిమంతురాలైన ప్రయాణికురాలు నాకెప్పుడూ తగల్లేదు.

మినతి తినమంటే తినేది, జడ వేస్తానంటే వచ్చి కూర్చునేది, ఉతికిన బట్టలు తనంతట తనే మడతపెట్టేది. మాట మాత్రం లేదు. తెలుగులో సరే, ఒరియాలో కూడా లేదు. మా కౌంటర్లో ఒక పద్ధతి ఉంది. కిటికీ ముందు మనిషి పలక్కుండా నిలబడ్డాడంటే అతనికి వినపడలేదని లెక్క. అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. అప్పటికీ పలక్కపోతే ఇంకో భాషలో చెప్పాలి. ఆ పద్ధతే నేను ఇంటికీ తెచ్చాను. "అన్నం తిందామా" అని తెలుగులో, తరవాత గట్టిగా తెలుగులో, ఆ తరవాత ఒరియాలో. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

శ్రావణం వెళ్ళాక దత్తత వ్యవహారాలు చూసే అధికారిణి జయంతీ పట్నాయక్ గారు ఇంటికొచ్చారు. ఆవిడ తల్లిభాష ఒరియా, తెలుగు మనకంటే బాగా మాట్లాడతారు. మినతి పక్కన కూర్చుని, ఇక్కడ ఉంటావా తల్లీ అని అడిగారు. తల ఊపింది. మళ్ళీ గృహానికి వెళ్ళిపోతావా అని అడిగారు. దానికీ తల ఊపింది.

"చూశారు కదా, ఈ ఊపు లెక్కలోకి రాదు" అన్నారావిడ. "కార్తీకంలో మా ఆఫీసుకి తీసుకురండి. ఏ భాషలోనైనా సరే, తన మనసులో మాట తన నోటితో చెప్పాలి."

"చెప్పకపోతేనండీ?"

"ఇక్కడ తనకి కుదురు చిక్కలేదనుకోవాలి. గృహానికి తీసుకెళ్ళి, ఇంకో కుటుంబాన్ని చూడాల్సొస్తుంది. మీ లోపమని కాదమ్మా, పిల్ల బాగు ముఖ్యం."

ఆవిడ వెళ్ళాక నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. సన్యాసిరావు మర్నాడే వెళ్ళి నా గుణం నెత్తిన పెట్టుకున్నారు.

ఇక చూడండి మా ఇంటి వైభవం. సాయంత్రం కాగానే ఒక గంట పట్టీ. ఆ గంటలో ఒరియా పాఠం, పాఠం కాగానే మినతితో ఒరియా కబుర్లు. కోతి గొంతు పెట్టి కథలు చెప్పేవారు, లారీలా హారన్ కొట్టేవారు, దుప్పటి కప్పుకుని ఏనుగై మోకాళ్ళ మీద ఇల్లంతా తిరిగేవారు. మినతి తలుపు పట్టుకుని నవ్వేది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడేవి. చేపలమ్మి వస్తే నాకంటే ముందు ఈయనే బేరం. పక్కింటి వదినగారు నన్ను చాటుకి పిలిచి, అన్నయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

నవ్వలేక చచ్చాను కానీ, ఒక ఇబ్బంది కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ నేను మాట అంటే ఆయన వినేవారు. ఇప్పుడు నేను ఒకటంటే ఆయన రెండంటారు, నేను ముగించకముందే అందుకుంటారు. నాతో కాపురం ఇలా ఉంటుందా అని మొదటిసారి తెలిసొచ్చింది. కౌంటర్లో జరిగింది చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేకుండా పోయాడు. పట్టీ తీసేసిన తరవాత కూడా అలసిపోయి వెంటనే పడుకునేవారు. నాకు ఆయన మౌనం మీద బెంగ పట్టుకుందంటే నాకే విడ్డూరంగా ఉండేది.

దానికితోడు ప్రయోగశాలలో ఇంకో గుట్టు బయటపడింది. పట్టీ పెట్టుకుంటే ధారాళంగా ఒరియా మాట్లాడే మనిషి, పట్టీ తియ్యగానే మంచినీళ్ళని ఏమంటారో కూడా చెప్పలేకపోయారు. భానోజీరావుగారు రకరకాలుగా పరీక్షపెట్టి చూశారు. ఏ గుణంలో నేర్చుకుంటే ఆ గుణంలోనే ఆ భాష పలుకుతోంది. పట్టీ తీస్తే భాష కూడా తీసి బల్ల మీద పెట్టినట్టే.

"మరి రోజంతా పెట్టుకుంటేనో?" అన్నాను, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను కనక.

"అప్పుడు సన్యాసిరావు ఎక్కడుంటాడమ్మా?" అన్నారాయన. తరవాత గడ్డం గోక్కుంటూ, "అయినా మీకు కావలసింది ఇతను మాట్లాడ్డం కాదు కదా, పిల్ల మాట్లాడ్డం. చిన్నసైజు పట్టీ చేద్దాం. ఆఫీసుకి వెళ్ళేరోజు ఒక్క గంట పెట్టండి. ఒరియా తన సొంత భాష, సొంత భాష ఏ గుణంలోనైనా పలుకుతుంది. భయం తగ్గితే గడగడా చెప్పేస్తుంది" అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. ఎంత సులువైన ఉపాయం. రిబ్బను కింద పెడితే కనబడదు, నొప్పి లేదు, గంటలో పని అయిపోతుంది. నా కళ్ళ ముందు అప్పుడే మినతి ఆ కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేస్తోంది.

"వద్దు" అన్నారు సన్యాసిరావు. ఆయన నెత్తిన అప్పుడు పట్టీ లేదు.

దారి పొడుగునా స్కూటీ మీద నేను పోట్లాడుతూనే ఉన్నాను. పిల్ల పోతే ఎవరిస్తారు, మీ ఒంటికి పెట్టుకున్నది దాని ఒంటికి పనికిరాదా, మీకసలు దాని మీద ప్రేమ లేదు అనే దాకా వెళ్ళాను. ఇంటి ముందు దిగాక ఆయన హెల్మెట్ తీసి బండికి తగిలించారు.

"కనకం, ఆ పట్టీ పెట్టుకుని మినతి ఉంటానని చెప్పిందనుకో. ఆ చెప్పింది ఎవరు? నువ్వే కదా. నీ గుణం నీ ఇంట్లో ఉంటానంటాది, అందులో వింతేటుంది? ఆ పిల్ల మనసులో ఏటుందో మనకి ఎప్పటికీ తెలీదు."

  లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి, ఇంకోలా ఆలోచించాను. మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ అడిగాను.

"ఏవండీ, మీరూ ఆ పిల్లా ఒకే రకం కదా. మీ గుణం కొలిచి నాకు పెట్టండి. అసలు మీ లోపల ఏం జరుగుతాదో ఒక గంట నేనూ చూస్తాను."

ఆయన కాఫీ పొలమారేలా నవ్వారు. కాని ఆదివారానికల్లా తన గుణం ఎక్కించిన పట్టీ తెచ్చారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగదిలో పట్టీ పెట్టుకుని కూర్చున్నాను. మొదట ఏమీ తెలియలేదు. తరవాత తెలిసింది, నా గొంతు దగ్గర ఎప్పుడూ తోసుకుంటూ నిలబడే మాటలు లేవు. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, నాకు ఏమీ అనాలనిపించడం లేదు. పక్కింటి కుక్కరు కూత, పంకా కిరకిర, దూరంగా సముద్రం. ఈ ఇంట్లోకి సముద్రం వినపడుతుందని నాకిన్నాళ్ళూ తెలీదు.

అంతలో గుమ్మంలో గ్యాసబ్బాయి. "బండ తెచ్చాను, తీసుకుంటారా?"

తీసుకోవాలా వద్దా? వాడుతున్న బండలో ఎంత మిగిలిందో చూసుకోవాలి, ఖాళీ బండ వెనక వసారాలో ఉంది, ఆయన్ని పిలవాలి. ఇవన్నీ వరసగా పేర్చుకుని మాట తయారుచేసుకుంటున్నాను. చివరి ముక్క పెట్టబోతుండగా అతను, "అమ్మా, బండ, తీసుకుంటారా?" అని గట్టిగా అన్నాడు. అంతే, పేర్చుకున్నదంతా చెల్లాచెదురైంది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి అతను మూడోసారి హిందీలో అడిగాడు.

నన్ను, ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, హిందీలో. నాకు కోపం రాలేదు. నేను ఆషాఢం నుంచి ఆ పిల్లకి చేస్తున్నది ఇదేనని తెలిసింది. అడిగిన ప్రతిసారీ ఆ పిల్లని మొదటికి నెట్టాను. సన్యాసిరావు వచ్చి బండ తీసుకుని అతన్ని పంపించేశారు.

అప్పుడు వినిపించింది. వెనక వసారాలోంచి సన్నగా, ఊపిరంత గొంతుతో ఎవరో మాట్లాడుతున్నారు. లేచి తలుపు దాకా వెళ్ళాను. మినతి నాకు వీపు పెట్టి కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూ, ఒక్కొక్క బట్టకీ చెబుతోంది.

"ఆఁ వదినా, ఏటి వండేరు? మాకేటుంది, చారే." ఆగింది. తనకి నచ్చలేదు కాబోలు, తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టింది. "ఆఁ వదినా, ఏటి వండేరు? మాకేటుందండీ, చారే." ఈసారి నా చెయ్యి తిప్పుడు కూడా తిప్పింది. నా జాకెట్టు మడతపెట్టి పక్కన పెట్టి, సన్యాసిరావు చొక్కా తీసుకుని దానితో, "ముందు ట్రైను నెంబరు చెప్పండి బాబూ" అంది.

తెలుగు. మా ఇంటి తెలుగు, నా ఫోను మాటలు, నా విసుగులు, నా ముద్దులు, ఒక్కటీ వదలకుండా. ఒక్కొక్క వాక్యం తనకి సరిపడేదాకా దిద్దుకుంటోంది. నాకు గుండె నిండిపోయింది. మామూలుగా అయితే ఒక్క అరుపు అరిచి, వెళ్ళి వాటేసుకుని, వదినగారిని కేకేసి పిలిచి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ సంతోషం నోటిదాకా రాకుండా ఒంట్లోనే తిరుగుతోంది. సన్యాసిరావుకి రోజూ ఇలాగే ఉంటుందా అనిపించింది. ఇన్నాళ్ళూ ఈ మనిషిలో ఏమీ జరగడం లేదని అనుకున్నాను.

గంట అయిపోయింది, పట్టీ తీశాను, నా గుణం నాకొచ్చింది. వెంటనే పైటకొంగు నోట్లో కుక్కుకుని పడగ్గదిలోకి పరిగెత్తి ఆయన్ని పట్టుకున్నాను.

"మాట్లాడతందండీ. పిల్ల తెలుగు మాట్లాడతంది."

"ఇంకా మాట్లాడుతోందా?" అన్నారాయన. లేచి కూర్చున్నారు.

"ఇంకా ఏటి? మీకు తెలుసా?"

"వచ్చిన మొదటి వారంలోనే విన్నాను. వసారాలో ఒక్కతే ఉన్నప్పుడు అంటాది."

"మరి నాకు ఒక్కముక్క చెప్పలేదేం?"

"చెబితే నువ్వు వెళ్ళి మళ్ళీ అనమంటావు" అన్నారు. అది నిజమే. తరవాత నేల చూస్తూ అన్నారు. "నేను పట్టీ పెట్టుకోవడం మొదలెట్టాక వినపడ్డం మానేసింది. నా అల్లరికి భయపడి ఆ పిల్లే మానేసిందనుకున్నాను కనకం. నావల్లే పోయిందనుకున్నాను."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. పిల్ల మానలేదు, ఆ గంట సందడిలో, ఆ తరవాతి నిద్రలో ఈయనకే వినే చెవి పోయింది. నా నోరు అరువు తెచ్చుకుని తన చెవులు తాకట్టు పెట్టారు, పిచ్చిమనిషి. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ గంటలో నాకు ఏమేం వినపడ్డాయో అంతా చెప్పాను, గ్యాసబ్బాయి హిందీతో సహా. ఆయన చాలారోజుల తరవాత మధ్యలో అందుకోకుండా చివరిదాకా విన్నారు.

మర్నాడు సన్యాసిరావు భానోజీరావుగారి గదిలోకి వెళ్ళి, "సార్, పట్టీ నేర్చుకునేవాళ్ళకి కాదు, నేర్పేవాళ్ళకి పెట్టాలి" అన్నారట. పెద్దాయన మొదట నవ్వి, తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, మళ్ళీ చెప్పు అన్నారట. పాఠం చెప్పేముందు పంతులు ఒక గంట శిష్యుడి గుణం పెట్టుకుంటే చాలు, వాడికి ఎలా చెప్పాలో తెలిసిపోతుంది, వాడి గుణం వాడికే ఉంటుంది, నేర్చుకున్నది నిలుస్తుంది. ఇప్పుడు అక్కడ ఆ పనే జరుగుతోంది. నోట్సు మీద నోట్సు రాయించే ఒక లెక్చరరుగారికి గట్టు గుణం పెడితే ఆయన క్లాసులో మొదటిసారి పిల్లల మొహాలు చూశారట.

మా ఇంట్లో మాత్రం పట్టీలన్నీ డ్రాయరులోకి పోయాయి. నేను సొంతంగా నోరు కట్టుకోవడం నేర్చుకోవాలి. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు కానీ, బోడిగుండే సులువు. ఒక మాట ఒక్కసారే అడగాలి, ఒక్క భాషలోనే అడగాలి, తరవాత ఆగాలి. అన్నం వడ్డించి, "పప్పు వెయ్యనా?" అని గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. చెయ్యి నొప్పి పుట్టేది. ఒకరోజు మినతి పెదవులు కదిలాయి, గొంతులో చిన్న చప్పుడు కూడా వచ్చింది, సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. ఆ ఫోనుని ఆ క్షణంలో సముద్రంలో పారేసేదాన్ని. మళ్ళీ ఆ పిల్ల తల ఊపడంలోకి వెళ్ళిపోయింది. అలాగే కార్తీకం వచ్చేసింది. మినతి మాతో ఒక్క మాట అనలేదు.

ఆఫీసుకి వెళ్ళేరోజు భానోజీరావుగారు ఫోను చేసి, చిన్న పట్టీ తయారుగానే ఉందమ్మా, కావాలంటే పంపిస్తాను అన్నారు. మనసు పీకింది. వద్దండీ అన్నాను. ఫోను పెట్టేశాక, ఎంత తప్పు చేశానో అనుకుంటూ దేవుడి గదిలోకెళ్ళి దీపం వెలిగించాను.

జయంతి గారి గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, పైన పంకా. మినతిని ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టి మమ్మల్ని గోడవారగా కూర్చోమన్నారు. మీరేమీ అనకూడదు అని నన్నే చూస్తూ చెప్పారు. కొత్త గౌను, రెండు జడలు, నేలకి అందని కాళ్ళు.

"మినతీ, వీళ్ళింట్లో ఉండడం నీకు ఇష్టమేనా తల్లీ?" అని తెలుగులో అడిగారు.

మినతి తల ఊపలేదు. ఎప్పుడూ ఊపేది, ఆ రోజు ఊపలేదు. నా ప్రాణం పోయింది. ఆవిడ కాసేపు చూసి, అదే మాట అడగడానికి ముందుకి వంగారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. చెప్పమ్మా, ఉంటానని చెప్పు, ఆ ఒక్క ముక్క చెప్పు, నా తల్లివి కదూ అని నా గొంతు దగ్గర మాటలన్నీ తోసుకుంటున్నాయి. నెత్తిన పట్టీ లేదు. నా గుణంతో నేనే పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

అప్పుడు సన్యాసిరావు నోరు విప్పారు.

"మళ్ళీ అడక్కండి మేడమ్. దయచేసి కొంచెం ఆగండి. మాట తయారవుతోంది."

ఆవిడ ఆశ్చర్యంగా ఆయన్ని చూసి, మినతిని చూశారు. పిల్ల పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఒకసారి కదిలి ఆగాయి, తల అడ్డంగా ఊపుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది. జయంతి గారు కలం మూత పెట్టేసి వెనక్కి వాలి కూర్చున్నారు. పంకా తిరుగుతోంది. బయట ఎవరో ఎవర్నో పిలిచారు, తలుపు తీయబోయారు, ఆవిడ చేత్తోనే వద్దని సైగ చేశారు. నా జీవితంలో అంతసేపు నేను ఊరుకున్నది ఎప్పుడూ లేదు.

మినతి తలెత్తింది. ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసి, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"వీళ్ళిల్లేటండీ? మా ఇల్లే కదా అది."

 జయంతి గారు కలం తీసి, ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకున్నారు. రాస్తూ, ఇంకొక్కసారి చెప్తావా తల్లీ అని అడిగారు. మినతి చెప్పానుగా అన్నట్టు ఆవిడని చూసి, కుర్చీ దిగి, వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"చాల్లెండి" అని నవ్వారావిడ. నేను భోరున ఏడుస్తున్నాను. సన్యాసిరావు మినతి జడ రిబ్బను సరిచేస్తున్నారు, అది సరిగ్గానే ఉన్నా.